సున్నా సైజు ఫైలు

ఆమెకు తల్లి పెట్టిన పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. స్పీకర్లు మోసేవాళ్ళకీ, డెక్కు ముందు నిలబడి జనాన్ని గెంతించేవాళ్ళకీ, వ్యాను డ్రైవర్లకీ ఆమె ఫార్మాటక్క. కొట్టుకి ఎవరు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చినా ఆమె మొదటి మాట అదే.

"ముందు ఫార్మాట్ చేస్తా. ఇందులో పెళ్ళి ఫోటోలు గట్రా ఉంటే ఇప్పుడే తీసుకో. తర్వాత నా కాళ్ళు పట్టుకున్నా రావు."

"పోతే పోనీ అక్కా, ఆ ఫోటోల్లో నేనెలాగూ ఏడుపు మొహంతోనే ఉన్నా."

"ఉంటావు మరి. నిన్ను ఫార్మాట్ చేసేది అక్కడే కూర్చుందని నీకు అప్పుడే తెలిసినట్టుంది. కూర్చో."

కొట్టు అంటే మెట్ల కింద గది. నిలబడితే నెత్తికి మెట్టు తగులుతుంది కాబట్టి పొద్దుట్నుంచీ కూర్చునే ఉంటుంది. ఒక కంప్యూటరు, ఒక బల్ల ఫ్యాను, పాటలు పరీక్షించడానికి రెండు చిన్న స్పీకర్లు. గోడకి కొట్టిన మేకులకి పెన్‌డ్రైవులు తాళంచెవుల్లా వేలాడుతుంటాయి. నిజానికి అవి తాళంచెవులే. పాటలు కలిపి వాయించే డెక్కు ఉంది చూశారూ, అది మహా చాదస్తపు యంత్రం. కొత్త పెన్‌డ్రైవ్ ఎంత ఖరీదైనదైనా సరే, ఫ్యాట్ థర్టీటూ అనే పాత పద్ధతిలో అరలు చేసి ఇస్తేనే చాలా డెక్కులు దాన్ని గుమ్మంలోకి రానిస్తాయి. లోపలికి వచ్చాక పాట కూడా దానికి తెలిసిన రకంలోనే ఉండాలి. ఈ సంగతి తెలియక ఫైలు పేరు చివర నాలుగక్షరాలు మార్చేసి, ఎంపీత్రీ అయిపోయిందని మురిసిపోయి, తీరా జనం ముందు డెక్కు మూగనోము పట్టాక చెమటలు కక్కినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. వాళ్ళకి ఆమె చెప్పేది ఒకటే: "గాడిదకి గుర్రమని పేరు పెడితే పరిగెడుతుందట్రా?"

ఈ విద్య ఆమెకు నేర్పింది తమ్ముడు. ఇంట్లో చిన్నోడు, బయట కూడా చిన్నోడే. అక్క కంటే పదకొండేళ్ళు చిన్న. బట్టల మిల్లు మూతపడి ఆమె ఇంట్లో కూలబడ్డ రోజున, "నేను వాయిస్తా, నువ్వు నింపు. నీ చేతికి ఓపికెక్కువ" అని కంప్యూటరు ముందు కూర్చోబెట్టినవాడు. వాడికో అలవాటుండేది. డెక్కుకి రెండు పెన్‌డ్రైవులు పెట్టే చోట్లుంటాయి. ఒకదాంట్లో పాటలు పెట్టేవాడు. రెండోదాంట్లో ఆ రోజు తను వాయించినదంతా, మైకులో మాట్లాడినదంతా రికార్డు చేసుకునేవాడు. ఇంటికొచ్చి విని, పాత రికార్డింగులు చెరిపేసి, మళ్ళీ అదే పెన్‌డ్రైవ్ వాడేవాడు. "నా తప్పులు నాకు వినపడాలక్కా. జనానికి వినపడితే పనెవడిస్తాడు?" అనేవాడు.

ఒక బైకుల షోరూము ప్రారంభం రోజు, పట్టపగలు పదకొండింటికి, సన్నటి వానలో, స్పీకర్లు బిగించిన ఇనుప స్తంభం పట్టుకుని వాడు చచ్చిపోయాడు. ఇరవై ఆరేళ్ళు.

ఆ కార్యక్రమం కుదుర్చుకున్న ఈవెంట్ల ఓనరు మర్నాడు పరామర్శకు వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "నేను వద్దంటూనే ఉన్నానమ్మా. తడి చేతులతో స్తంభం ముట్టుకోకురా అని. వింటేగా" అన్నాడు. అదే మాట కాగితం మీదా రాసిచ్చాడు. సౌండు పనివాడికి హాజరు పట్టీ ఉండదు, గుర్తింపు కార్డు ఉండదు, నెత్తిన టోపీ, చేతికి రబ్బరు తొడుగు అసలుండవు. చచ్చిపోయాక మాత్రం వాడికి ఖాయమైన హోదా ఒకటి దొరుకుతుంది: అజాగ్రత్త మనిషి.

డెక్కును వ్యాను నడిపే బాబాయి కొట్లోకి తెచ్చి దింపాడు. రెండో చోట పెన్‌డ్రైవ్ ఇంకా గుచ్చుకునే ఉంది. ఆమె దాన్ని కంప్యూటర్లో ఒకే ఒక్కసారి పెట్టి చూసింది. ఆ రోజు తేదీతో ఒక ఫైలు కనపడింది. సైజు సున్నా. ఇలాంటి ఫైళ్ళు ఆమె రోజుకి పది చూస్తుంది, అడక్కుండానే తీసేస్తుంది. సున్నా అంటే పాత్ర ఉంది, నీళ్ళు లేవు. మౌసు మీద తన వేలు అలవాటు చొప్పున ఫార్మాట్ వైపు జరగడం చూసి హడలిపోయి, పెన్‌డ్రైవ్ ఊడబెరికింది. మళ్ళీ కంప్యూటరు దరిదాపులకు తేలేదు.

కానీ మనసు ఊరుకోదుగా. రాసింది డెక్కు, కాబట్టి చదివితే గిదివితే డెక్కే చదవాలి. డెక్కులో అయితే ఫార్మాట్ చేసేస్తానన్న భయం లేదు. అంచేత రోజూ పొద్దున కొట్టు తలుపు సగం తెరిచి, ఆ పెన్‌డ్రైవ్‌ను తమ్ముడి డెక్కులో పెట్టేది. ఎర్ర దీపం మినుకుమినుకుమనేది. స్పీకర్లలోంచి బుస్సుమని సన్నటి గాలి లాంటి శబ్దం వచ్చేది. ఆ పది సెకన్లూ ఆ ఇరుకు గదిలో ఇంకొకరు ఊపిరి తీస్తున్నట్టుండేది. గొంతు సవరించుకుంటున్నట్టు. ఒకటి రెండుసార్లు "అక్కా" అన్న మాట సగం వినపడి, వెనక్కి తిరిగి చూసింది కూడా. అంతలో తెర మీద 'చదవగల ఫైలు లేదు' అని వచ్చేది. పెన్‌డ్రైవ్ తీసి కొంగున ముడేసుకుని తలుపు రెండో రెక్క తెరిచేది.

సాయంత్రం ఇంటికెళితే తల్లి గుమ్మంలోనే అడిగేది.

"ఇవాళేమన్నా పలికాడటే?"

"లేదమ్మా."

"రేపు పలుకుతాడులే. పొద్దున్నే నోరు విప్పడం వాడికి మొదట్నుంచీ బద్ధకం."

అలా ఎనిమిది నెలలు. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చిన రోజున కూడా కొట్టుదాకా వెళ్ళి, డెక్కులో పెట్టి చూసి, తిరిగొచ్చి పడుకుంది.

తొమ్మిదో నెల మొదట్లో వ్యాను బాబాయి ఒక కాగితం తెచ్చాడు. కార్మిక శాఖ విచారణ. చనిపోయిన మనిషి తరఫున సాక్ష్యం ఏదన్నా ఉంటే రెండు వారాల్లో తేవాలి, లేకపోతే ఓనరు రాసిచ్చిందే నిజమని ఫైలు మూసేస్తారు.

"నువ్వున్నావుగా బాబాయ్, అక్కడ."

"ఉన్నా తల్లీ. కానీ ఆ టైముకి వ్యాను మీద టార్పాలిన్ కప్పుతున్నా. ఒక్క మాట నా చెవిన పడుంటే పీక మీద కత్తి పెట్టినా చెప్పేవాణ్ణి. దగ్గరున్నవాళ్ళంతా రేపు మళ్ళీ ఆయన పిలిస్తే పనికెళ్ళాల్సినవాళ్ళు. నోరెవరు తెరుస్తారు?" ఆయన కాసేపు గోడమీది పెన్‌డ్రైవులు చూశాడు. "వాడు రికార్డింగు పెట్టకుండా వాయించేవాడు కాదుగా. అదేమైంది?"

"సున్నా, బాబాయ్. ఏమీ లేదు."

"నువ్వంటే అయిపోయిందా? జ్వరానికి మందిచ్చేవాళ్ళు వేరు, పొట్ట కోసేవాళ్ళు వేరు. పెద్ద డాక్టరుకి చూపించాలమ్మా."

పెద్ద డాక్టరు అంటే పాడైన లాప్‌టాప్‌లు బాగుచేసేవాడు. నాలుగు వీధులవతల ఒక భవనం సెల్లారులో, నుదుటికి భూతద్దం కట్టుకుని కూర్చునే బక్కపలచటి మనిషి. అందరూ లాప్‌టాప్ డాక్టరంటారు. నవ్వడం తెలియదని పేరు. తమ్ముడి సంగతీ, వాడి రికార్డింగుల అలవాటూ ఆమె చెబితే విని, పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పాడు.

"ఎప్పటిదిది?"

"ఎనిమిది నెలలు దాటింది."

"అప్పట్నుంచీ దీన్ని ఎక్కడా పెట్టలేదుగా?"

"కంప్యూటర్లో ఒక్కసారే పెట్టానండీ. డెక్కులో మాత్రం..."

"డెక్కులో?"

"రోజూ."

ఆయన చేయి ఆగిపోయింది. భూతద్దం నుదుటి మీదికి తోసేసి ఆమె మొహంలోకి చూశాడు.

"సున్నా అంటే లోపల ఏమీ లేదని కాదమ్మా. చివర్లో స్టాప్ నొక్కితేనే డెక్కు ఆ ఫైలు పొడవెంతో రాస్తుంది. ఆయన నొక్కేలోపే కరెంటు పోయింది. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, తలుపు మీద పేరు లేదు, అంతే."

"అంటే... ఉన్నాడా?"

"ఉండేవాడు. పేరు లేని ఇంటిని డెక్కు ఖాళీ అనుకుంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టిన ప్రతిసారీ అది తన కోసం ఒక చిట్టీ రాసుకుని ఆ ఖాళీలో పడేస్తుంది. ఆయన చెరిపి మళ్ళీ రాసేవాడంటున్నారు, కాబట్టి గొంతు ఒకేచోట లేదు, ముక్కలు ముక్కలుగా అక్కడక్కడ ఉంటుంది. చిట్టీలూ అక్కడక్కడే పడుంటాయి. ఒక్కో చిట్టీ కింద ఒక్కో ముక్క పోయినట్టే."

"నేనే చెరిపేశానా?"

ఆయన లేచాడు. తను కూర్చున్న స్టూలు ఆమె వైపు జరిపాడు. ఆ సెల్లారులో ఉన్న స్టూలు అదొక్కటే.

డాక్టరు గడువడిగిన మూడు రోజులూ ఆమె ఎవరి పెన్‌డ్రైవూ ఫార్మాట్ చేయలేదు. వచ్చినవాళ్ళని "తర్వాత రండి" అని పంపేసింది. తమ్ముణ్ణి స్తంభం ఒక్కసారే చంపింది, తను రోజుకొకసారి చంపుతూ వచ్చిందనే మాట బుర్రలో తొలుస్తూనే ఉంది. ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా వాడు మాట్లాడబోతున్నాడనుకుంది. వాడు మాట్లాడబోవడం కాదు, తను వాడి నోరు నొక్కుతోందని ఆ దీపానికి తెలుసు.

నాలుగో రోజు డాక్టరు హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. నలభై ఏడు నిమిషాలు. మొదట పాట, పాట మీద వాడి గొంతు. నవ్వుతున్న గొంతు. "ముందుకు రండి సార్, బైకులు కరవవు! ఆ నీలం చొక్కా ఆయనకి కరిచినా నొప్పి తెలీదు, చూడండి ఎలా ఊగుతున్నాడో!" ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. అంతలో టప్. ఎవరో గోటితో తలుపు మీద కొట్టినట్టు. మళ్ళీ పాట. మళ్ళీ టప్. ఒక్కోచోట ఒంటరిగా, ఒక్కోచోట నాలుగైదు వరసగా.

"ఆ టప్పు అక్కడిది కాదు. చిట్టీ పడ్డ చోటు" అన్నాడు డాక్టరు.

ఆమెకు అర్థమైంది. కొట్లో ఇన్నాళ్ళూ వెనక ఎవరో ఉన్నట్టు తను ఉలిక్కిపడేది. ఈ నలభై ఏడు నిమిషాల్లో బతికున్నది వాడు. వాడి పాట మధ్యలో జొరబడి, వాడికి కనపడకుండా తలుపు కొడుతూ తిరిగే దయ్యం తను.

ముప్ఫై తొమ్మిదో నిమిషంలో వాన చప్పుడు. మైకు ఆపలేదు వాడు. "సార్, స్తంభం జిల్లుమంటోంది. ఎర్త్ లేదని పొద్దున్నే చెప్పా. మెయిన్ కట్ చేయించండి, ఐదు నిమిషాల్లో చూసేస్తా." మైకుకి కాస్త ఎడంగా ఇంకో గొంతు: "ఇప్పుడా? ప్రారంభానికొచ్చిన పెద్దాయన కారు దిగుతున్నాడయ్యా!" టప్. టప్. "పాటలు" టప్.

అంతే. తర్వాత పాట మొదలైంది. ఒకటి అయ్యాక ఇంకొకటి. ఆ రెండోదాని మధ్యలో నలభై ఏడో నిమిషం అయిపోయింది.

కావలసిన మాట సరిగ్గా అక్కడే పోయింది. పాటలు ఆపమన్నాడో, పాటలు కానివ్వమన్నాడో. ఏ రోజు పొద్దున పోయిందో. జ్వరం రోజునో ఏమో.

"కావాలంటే ఈ టప్పులన్నీ పక్క శబ్దంతో పూడ్చేస్తా. విన్నవాళ్ళకి తేడా తెలీదు. ఇలాగే ఇస్తే మాత్రం, ఎవరో చేయి పెట్టారని అవతలివాళ్ళు అల్లరి చేస్తారు" అన్నాడు డాక్టరు.

ఆమె ఆలోచించి చెబుతానని, ఫైలు ఇంటికి తెచ్చి తల్లికి వినిపించింది. తల్లి మంచం మీద బాసింపట్టు వేసుకుని, కళ్ళు మూసుకుని, మొదటి నుంచి చివరిదాకా విన్నది. ఏడవలేదు. బైకులు కరవవన్న చోట నవ్వింది కూడా. అయిపోయాక అడిగింది.

"వాడు అంత బాగా మాట్లాడుతుంటే మధ్యమధ్యలో తలుపు కొట్టేదెవరే?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ గిన్నె ఒకటి తోమిందే తోమింది. తల్లికి చెప్పలేని మాట పూడ్చేసుకోవచ్చు. కానీ పూడ్చినచోట ఉండేది వాడి గొంతు కాదు, కల్పించిన గొంతు. ఓనరు చేసిందీ అదేగా, ఉన్నది చెరిపి లేనిది రాసివ్వడం. మర్నాడు డాక్టరుకి ఫోన్ చేసి, "ఏమీ పూడ్చకండి" అంది.

విచారణ రెండో అంతస్తులో ఒక పొడవాటి గదిలో. అధికారి కళ్ళద్దాల పెద్దావిడ. ఒక పక్క గుమాస్తా, మాటలన్నీ టకటకా టైపు చేస్తూ. ఇంకో పక్క ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో ఓనరు, ఆయన వకీలు. ఇటు ఆమె, వ్యాను బాబాయి. గుమాస్తా బీరువాలోంచి ఒక పాత పాటల పెట్టె తీసి దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టాడు.

"ఇది సామాన్యంగా ఏ పెన్‌డ్రైవూ చదవదమ్మా, ముందే చెబుతున్నా" అన్నాడు.

"చదువుతుందండీ" అంది. అరలు పాత పద్ధతిలోనే చేసింది. ఫైలును ఏ యంత్రానికైనా తెలిసిన పదహారు బిట్ల మామూలు రకంలోకి దించింది. తెలుగక్షరాలు చూస్తే పాత పెట్టెలు బెదురుతాయి కాబట్టి పేరు కూడా పొట్టిగా ఇంగ్లీషులో పెట్టింది. పెట్టగానే చదివింది.

ముప్ఫై తొమ్మిదో నిమిషం విన్నాక వకీలు చేతులు తట్టినంత పనిచేశాడు.

"మేడమ్, మీరే విన్నారు. కత్తిరించి అతికించినట్టు స్పష్టంగా తెలుస్తోంది. ఈ చప్పుళ్ళేమిటి? ఎవరు చేశారు?"

"నేనే చేశానండీ" అంది ఆమె.

వ్యాను బాబాయి గతుక్కుమన్నాడు. వకీలు కూడా అంత సులువుగా ఒప్పుకుంటుందనుకోలేదు. అధికారి కళ్ళద్దాలు తీసింది.

"అర్థమయ్యేట్టు చెప్పండి."

చెప్పింది. సున్నా సైజు సంగతి, డెక్కు రాసుకునే చిట్టీల సంగతి, లాప్‌టాప్ డాక్టరు సంతకం చేసిచ్చిన కాగితం, అన్నీ. "ఇందులో ఎన్ని చప్పుళ్ళుంటే అన్నిసార్లు నేను పెట్టి చూసినట్టు. అతికించింది ఏదీ లేదు. పోగొట్టిందే ఉంది."

"రోజూ ఎందుకు పెట్టారమ్మా?"

"మాట్లాడతాడేమోనని."

గుమాస్తా టైపు చేయడం ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు.

వకీలు గొంతు తగ్గించాడు. "బాధ ఎవరికైనా ఉంటుంది మేడమ్. కానీ ఆ రెండో గొంతు ఎవరిదో తెలీదు. ఎవరిదైనా, 'పాటలు ఆపెయ్' అనే అర్థమే వస్తోంది. అది బాధ్యతగల మనిషి మాట."

"ఆపెయ్ అంటే పాట ఎందుకు మొదలైందండీ?" అంటూ ఆమె మళ్ళీ మీట నొక్కింది.

వాన చప్పుడు. జిల్లుమంటోంది సార్. పెద్దాయన కారు దిగుతున్నాడయ్యా. టప్, టప్. పాట అందుకుంది. ఈసారి ఆమె ఆపలేదు. పాత పెట్టె బొంగురుగా, కిటికీ అద్దాలు సన్నగా వణికేలా వాయిస్తోంది. పాట సందుల్లో తమ్ముడి గొంతు "చేతులు పైకెత్తండి" అంటోంది, ఇందాకటి నవ్వు లేకుండా. ఓనరు చొక్కా కాలరు వదులు చేసుకున్నాడు. కిటికీ వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు, మళ్ళీ కిటికీ వైపు చూశాడు. వాడు అలా నవ్వు లేకుండా మాట్లాడడం ఆయన ఆ రోజు ఎదురుగా నిలబడి చూసినదే.

"ఆపమనండి దాన్ని" అన్నాడు వకీలుతో. ఓనరు ఉన్నట్టుండి అధికారి వైపు తిరిగాడు.

"నేనేదో చావమన్నట్టు చూస్తారేంటండీ అందరూ? కట్ చెయ్యొద్దని నేననలేదు. ఇంకో రెండు పాటలు కానివ్వు, పెద్దాయన లోపలికెళ్ళాక కట్ చేయిద్దాం అన్నా. అంతే! రెండంటే రెండే పాటలు. పది నిమిషాలు కూడా లేదు!"

వకీలు ఆయన మోచేయి పట్టుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. గుమాస్తా టైపు మిషను చివరి మాటదాకా టకటకలాడి ఆగింది.

"అంటే గొంతు మీదే. స్తంభానికి కరెంటొస్తోందని మీకప్పటికే తెలుసు" అంది అధికారి.

ఓనరు కుర్చీ వెనక్కి నెట్టి లేవబోయాడు. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, బయట కాస్త గాలి పీల్చుకుని వస్తానన్నాడు.

"కూర్చోండి సార్" అంది ఫార్మాటక్క. గొంతు పెంచలేదు. "రెండు పాటలేగా."

ఆయన అధికారి మొహం చూశాడు. ఆవిడ వెళ్ళమనలేదు. కూర్చున్నాడు. వ్యాను బాబాయి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పెట్టెలో మొదటి పాట ఇంకా సగంలోనే ఉంది.